బొంతలో లోపలి చీర ముడత పడుతోంది, ఏం చేయాలి?

అమ్మ పాత నేత చీరలతో బొంత కుడుతున్నాను. పైన మంగళగిరి, లోపల మెత్తబడిన వెంకటగిరి చీరలు రెండు, అడుగున దుప్పటి. సాయంత్రం సూది పట్టుకుని కూర్చుంటే టీవీ కూడా గుర్తు రాదు!

చిక్కల్లా, అంచు నుంచి మధ్యకు కుట్టుకుంటూ వచ్చేసరికి లోపలి పొర ఉబ్బి ముడత పడుతోంది. ముందే జానెడు దూరంలో కచ్చా కుట్లు వేసినా అంతే. మధ్య నుంచి మొదలుపెట్టాలా? పైనున్న మంగళగిరి చీర అంచు, అదే నిజాం బోర్డరు, దాని జరీ దగ్గర సూది దిగట్లేదు. ఏ నంబరు సూది వాడుతున్నారు? దబ్బనం మాత్రం చెప్పకండి, చీరకు చిల్లులు పడుతున్నాయి.

ఇంకోటి, చుట్టూ పెడన కలంకారీ పట్టీ వేద్దామనుకుంటున్నా. ఉతికితే దాని ఎరుపు పక్క గుడ్డకు అంటుతుందేమోనని భయం. ముందు విడిగా రెండు మూడుసార్లు ఉతికితే చాలంటారా?