బండి కదలని నెలల్లో బ్యాటరీకి ఛార్జర్ పెట్టి ఒగ్గేయొచ్చా?

ఉద్దానం_కొబ్బరితోట:
మాది కవిటి దగ్గర. దమ్ములయ్యాక ట్రాక్టర్ రెండు మూడు నెలలు షెడ్డులోనే ఉంటాది. పోయినేడు బ్యాటరీ దిగిపోతాదని పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ పెట్టి మర్చిపోయాను, నాలుగో రోజు తలుపు తీస్తే కుళ్ళిన గుడ్డు కంపు, మూతలిప్పి చూస్తే నీళ్ళు సగం లేవు, ప్లేట్లు బయటికి కనపడతన్నాయి, డబ్బా పక్కలు ఉబ్బిపోయాయి. కొత్తది వేశాను. ఈసారి ఆటోమేటిక్ మెయింటెయినర్ (బ్యాటరీ నిండగానే తనంతట తనే తగ్గిపోయే ఛార్జర్) కొందామంటే మా బావ అదీ వద్దు, నెలకోసారి ఛార్జ్ చేసి తీసేయ్ అంటన్నాడు. ఏటి చెయ్యమంటారు?

రాజాం_బుల్లెట్:
మీ బావ చెప్పిందే కరెక్టు అన్నా. నెగటివ్ వైరు ఊడదీసి ఉంచు, నెలకోసారి పెట్టు, నిండగానే తీసెయ్. తగిలించి లేకపోతే ఓవర్‌ఛార్జ్ ఎక్కడిది?

చీపురుపల్లి_ఇన్వర్టర్లు:
తమ్ముడూ, తీసేస్తే సరే, కానీ నెల అంటే రెండు నెలలైపోద్ది, బ్యాటరీ 12.4 వోల్ట్‌ల కిందకి జారి అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకట్టుద్ది, అదీ చావే. అన్నయ్యా, మీ పాత ఛార్జర్‌కి ఆగడమే తెలీదు, నిండాక కూడా తోస్తానే ఉంటాది, ఆ కరెంటుకి నీళ్ళు విడిపోయి గ్యాసయిపోతాయి. అసలు మెయింటెయినర్ 14.4 వోల్ట్‌ల దాకా తీసికెళ్ళి తర్వాత 13.5 దగ్గరకి దిగాలి. పెట్టె మీద ఏం రాసున్నా నమ్మకండి, పచ్చలైటు వచ్చిన రెండు గంటలకి మల్టీమీటర్ పెట్టి చూడండి. ఇంకోటి, ఈ లెక్క 25 డిగ్రీలకి, రేకుల షెడ్డులో 40 ఉంటే ఇంకో పావు వోల్టు తగ్గాలి.

రాజాం_బుల్లెట్:
అక్కడే వస్తంది తంటా. ఉద్దానంలో కరెంటు ఎన్నిసార్లు పోద్దో మీకు తెలీదా, 2018లో తిత్లీ తుఫాను అప్పుడైతే రోజుల తరబడి లేదు. పోయొచ్చిన ప్రతిసారీ ఛార్జర్ మళ్ళీ మొదటినుంచి కొడతాది కదా!

చీపురుపల్లి_ఇన్వర్టర్లు:
ఇది మాత్రం ఒప్పుకుంటా. మంచివి బ్యాటరీ నిండుందని చూసి వెంటనే దిగుతాయి, టైం లెక్కన కొట్టేవి కొన్నున్నాయి, వాటితో మీరన్నదే జరుగుద్ది. అన్నయ్యా, స్విచ్ ఆపి పది నిమిషాలాగి వేసి మీటర్ చూడండి, తెలిసిపోద్ది. క్లిప్పులు తీసే ముందు స్విచ్ ఆపాల్సిందే, వచ్చేది హైడ్రోజన్, ఒక్క నిప్పురవ్వ చాలు. షెడ్డు తలుపు తీసే ఉంచండి, బీడీ ముట్టించకండి. డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే పొయ్యండి, ప్లేట్లు తేలుంటే మాత్రం మునిగేంత ముందే.

ఉద్దానం_కొబ్బరితోట:
షాపోడ్ని అడిగి ఒక మెయింటెయినర్ రెండ్రోజులు చూడ్డానికి తెచ్చాను. పచ్చలైటు వెలిగి ఆరు గంటలైంది, మీటర్ 14.2 దగ్గరే నిలబడింది, చెవి పెడితే లోపల బుసబుసమని సన్నగా వినపడతంది. రేపు పొద్దున్నే తిరిగిచ్చేస్తాను. ఇంకోటి దొరికేదాకా బావ మాటే, కాకపోతే నెలకి కాదు, పదిహేను రోజులకోసారి మీటర్ పెడతాను.