రగ్బీ రిఫరీ మాట మైకులో అందరికీ వినపడుతుంది కదా, మన కబడ్డీలో అది పెడితే గొడవలు తగ్గుతాయా?

కావలి డ్రిల్లుసారు:

అందరికీ నమస్కారం. కావలి పక్కన ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. పదిహేనేళ్లుగా కబడ్డీ ఆడిస్తున్నాను, సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్లలో పోటీలు పెడితే అంపైరింగ్‌కి పోతాను. అడగబోయేది రగ్బీ గురించే గానీ కడుపుమంట కబడ్డీది. కాస్త ఓపిగ్గా చదవండి.

మొన్న సంక్రాంతికి ఒక ఊళ్లో రెండో సెమీఫైనల్. రాత్రి పదకొండు దాటింది. రొయ్యల గుంటల దగ్గర్నుంచి తెచ్చిన ఫోకస్ లైట్లు రెండు, అందులో ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. గీతలు ముగ్గుపిండితో వేశారు. పొద్దుటి నుంచి ఆడిన కాళ్ల కింద లాబీ (కోర్టుకి రెండు పక్కలా ఉండే పట్టీ) గీత ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. ఆఖరి రెండు నిమిషాలు, ఒక్క పాయింటు తేడా. కూతకెళ్లిన కుర్రాడు ఎవరినీ తాకకుండానే లాబీలో కాలు పెట్టాడని అవుట్ ఇచ్చాను. నిజం చెప్పాలంటే కాలు కనపడింది, గీత కనపడలేదు. గీత ఎక్కడుండాలో నాకు గుర్తు, ఆ గుర్తు మీద ఇచ్చేశాను.

ప్రైజు డబ్బులిచ్చిన పెద్దాయన కుర్చీలోంచి లేచి మైకందుకున్నాడు. "ఏంది సారూ, మావాడి కాలు యాడ పడిందో చూపించు" అని ఊరంతా వినేట్టు అడిగాడు. ఎక్కడని చూపించను? వంగి వేలితో నేల మీద గీసి చూపించాను. జనం పగలబడి నవ్వారు. ఆ తోపులాటలో ఎవరో నా మెడలో విజిల్ తాడు పట్టి లాగితే అది తెగి మెడ మీద ఎర్రగా గీత పడింది. ఆ గీత మాత్రం నాలుగు రోజులు చెరగలేదు. ముప్పావుగంట ఆట ఆగింది. చివరికి ఆ కూత మళ్లీ ఆడించారు. నేను బండి తీసుకుని ఇంటికొచ్చేశాను.

ఇక రగ్బీ. మా స్కూలుకొచ్చిన ఆటసామాన్లలో ఒక రగ్బీ బంతి ఉంది. పిల్లలు దానికి గుడ్డుబంతి అని పేరు పెట్టారు. వాళ్లకి నేర్పాలంటే ముందు నాకు రావాలి కదా అని రాత్రిళ్లు యూట్యూబ్‌లో మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాను. ఆట సగమే అర్థమైంది గానీ, రిఫరీని చూస్తూ కూర్చుండిపోయాను. ఆయన ఒంటి మీద మైకు ఉంటుంది. ఎందుకు విజిల్ వేశాడో, ఎవరి చెయ్యి ఎక్కడుందో అప్పటికప్పుడు చెబుతాడు, ఇంట్లో కూర్చున్న నాకూ వినపడుతుంది. నూట ఇరవై కిలోల మనిషి, చెవి పక్కన రక్తం కారుతుంటే, "సర్" అని తలూపి వెనక్కి నడుస్తాడు. మాట్లాడాల్సింది కెప్టెన్ ఒక్కడే. మిగతావాడెవడైనా నోరు జారితే పెనాల్టీ కొట్టే చోటుని ఇంకో 10 మీటర్లు ముందుకు జరుపుతారు. ఆ 10 మీటర్లకి సగం మంది నోళ్లు మూతపడతాయి. దీన్ని నేను సంస్కారం అనుకోవడం లేదు, లెక్క అనుకుంటున్నాను.

2023 అక్టోబరు గుర్తుందా? 7వ తేదీన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇండియా, ఇరాన్ కబడ్డీ ఫైనల్. 28-28 దగ్గర పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండా లాబీలోకి వెళ్లాడు, వెనకాలే ఇరాన్ డిఫెండర్లూ వెళ్లారు. పాత రూలా, కొత్త రూలా అని పేచీ. నిర్ణయం ఇటు మారింది, అటు మారింది. ఆటగాళ్లు మ్యాట్ మీదే కూర్చున్నారు. గంటసేపు ప్రపంచం చూస్తుండగా మన ఆట మా ఊరి సంక్రాంతి పోటీలాగే అయిపోయింది. చివరికి 33-29తో మనమే గెలిచాం, సంతోషమే. కానీ ఆ గంటలో అసలేం జరుగుతోందో టీవీ ముందున్న నాకు ఒక్క ముక్క వినపడలేదు.

సరిగ్గా మూడు వారాలకి, 28వ తేదీన, పారిస్ దగ్గర స్టాడ్ డి ఫ్రాన్స్‌లో రగ్బీ ప్రపంచకప్ ఫైనల్. నేను చూసింది తర్వాత రికార్డింగులో. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ ఎదుటి ఆటగాణ్ణి ఆపబోతే ఆ ట్యాకిల్ వాడి తలకి తగిలింది. కేన్‌కి ముందు ఎల్లో కార్డ్, అంటే పది నిమిషాలు బయట. పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఈలోపు బంకర్‌లో (రీప్లేలు చూసే గది) ఉన్న అధికారి రీప్లేలు చూసి దాన్ని రెడ్ చేశాడు, అంటే ఇక ఆటలోకి రాకూడదు. పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో అదే మొదటి రెడ్ కార్డ్. కేన్ ఆ కుర్చీలోంచి లేవలేదు, బాటిల్ విసరలేదు. దక్షిణాఫ్రికా 12-11తో గెలిచింది. ఒక్క పాయింటు!

నా ప్రశ్న రెండు ముక్కలు. మైకు పెడితే మన దగ్గర గొడవ తగ్గుతుందా, లేక అంపైర్ నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా పట్టుకుని ఇంకా లాగుతారా? రెండోది, రగ్బీ వాళ్లు నిజంగా అంత పద్ధతైన వాళ్లేనా, నాకు యూట్యూబ్ మంచివే చూపిస్తోందా?

కోవూరమ్మాయి, కార్డిఫ్:

సారూ, మీ రెండో ప్రశ్నకి నేను చెబుతాను. తొమ్మిదేళ్లుగా బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో నర్సుగా ఉన్నాను. మ్యాచ్ ఉన్న రోజు డ్యూటీ పడితే ఆ రోజు మా వార్డు కథ వేరు. ఇక్కడ స్టేడియంలో చిన్న రేడియో దొరుకుతుంది, చెవిలో పెట్టుకుంటే రిఫరీ మాటే వింటూ ఆట చూడొచ్చు. మీరు చెప్పిన మర్యాద నిజమే, కాకపోతే అది గ్రౌండ్ వరకే.

2007 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ మా ఊళ్లోనే జరిగింది, నేను రాకముందు సంగతి. ఫ్రాన్స్ 20-18తో న్యూజిలాండ్‌ని ఇంటికి పంపింది. ఫ్రాన్స్ చివరి ట్రైకి (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకి తాకించడం) ముందు పాస్ ముందుకెళ్లింది, రగ్బీలో బంతి వెనక్కే వెయ్యాలి. రిఫరీ వేన్ బార్న్స్ అది చూడలేదు. అప్పుడాయనకి 28 ఏళ్లు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. మీరు చెప్పిన 2023 ఫైనల్ రిఫరీ కూడా ఆయనే. దాని తర్వాత బార్న్స్ రిటైరయ్యాడు. రీప్లేలు చూసి చెప్పే టీవీ రిఫరీ టామ్ ఫోలీ అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నాడు, వాళ్ల ఇంట్లోవాళ్లని కూడా వదల్లేదు జనం. మీ మెడ మీద తాడు లాగినవాడు కనీసం ఎదురుగా వచ్చి లాగాడు. ఫోన్లో లాగేవాళ్లకి మొహమే ఉండదు.

మర్యాద అంటున్నారు కాబట్టి ఇంకొకటి. 2009లో లండన్ క్లబ్ హార్లెక్విన్స్‌కి ఐర్లాండ్ జట్టు లెన్‌స్టర్‌తో మ్యాచ్. బయటికెళ్లిపోయిన కిక్కర్‌ని మళ్లీ లోపలికి తేవాలంటే ఎవరికైనా రక్తం కారాలి, అది రూలు. టామ్ విలియమ్స్ అనే ఆటగాడు నోట్లో ఎర్రరంగు మాత్ర కొరికి రక్తంలా కార్చుకుంటూ బయటికొచ్చాడు. బయటపడకుండా ఉండాలని తర్వాత క్లబ్ డాక్టరే అతని పెదవికి గాటు పెట్టింది. నర్సుగా నాకు ఒళ్లు మండేది అక్కడే. కోచ్ డీన్ రిచర్డ్స్‌కి మూడేళ్ల నిషేధం పడింది. అంత చేసీ 6-5తో ఓడిపోయారు.

ట్రంకురోడ్డు తిరుగుడు:

డ్రిల్లుసారుకి నమస్తే. అంపైర్లు ఎప్పుడూ దేవుళ్లు, ప్రశ్నిస్తే పాపం అన్నట్టు రాశారు, నేనొప్పుకోను. దక్షిణాఫ్రికా రగ్బీ డైరెక్టర్ రాసీ ఎరాస్మస్ 2021లో బ్రిటిష్ లయన్స్‌తో (బ్రిటన్, ఐర్లాండ్‌ల ఉమ్మడి జట్టు) మొదటి టెస్టు ఓడిపోయాక రిఫరీ నిక్ బెర్రీ తప్పులన్నీ ఏరి 62 నిమిషాల వీడియో చేశాడు. క్లిప్పు పెట్టి, ఆపి, ఇదిగో ఇక్కడ అని చూపించాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఆధారం చూపించినందుకు నిషేధం! ఆ తర్వాత టెస్టులు రెండూ గెలిచి సిరీస్ పట్టుకుపోయాడు, 2023 కప్పూ కొట్టాడు. కోచ్ అంటే వాడు. మా ఊరి కుర్రాళ్ల తరఫున అలా అడిగేవాడే లేడు.

కావలి డ్రిల్లుసారు:

కోవూరమ్మాయికి చాలా థ్యాంక్స్. రక్తం మాత్ర సంగతి రేపు మా పిల్లలకి చెప్పకూడదు, ఐడియాలొస్తాయి.

ట్రంకురోడ్డు బాబూ, దేవుళ్లని నేనెక్కడా అనలేదు, గీత లేకుండా అవుట్ ఇచ్చానని పైన నేనే రాశాను. రాసీ బుర్ర గొప్పదే. కానీ ఆయన అడగాల్సిన దారి వేరే ఉంది. మ్యాచ్ అయ్యాక రిఫరీలకీ కోచ్‌లకీ మధ్య రివ్యూలు జరుగుతాయి. ఆ వీడియో ఊరంతటికీ ఎక్కింది, ఆ రిఫరీ తర్వాత వారం ఏ మొహంతో విజిల్ పట్టుకోవాలి? అందుకే రాసీని రెండు నెలలు ఆటకి మొత్తం దూరం పెట్టారు, 2022 సెప్టెంబరు దాకా మ్యాచ్ రోజు గ్రౌండ్ దగ్గరికి రావొద్దన్నారు. ఇంకో సంగతి మీరు వదిలేశారు. అదే సిరీస్‌లో ఆయన నీళ్ల బాటిళ్లు మోస్తూ గ్రౌండ్‌లోకి తిరిగాడు. నీళ్లిచ్చే వంకతో కోచింగ్! 2022లో రూలు మార్చేశారు, హెడ్ కోచ్‌గానీ డైరెక్టర్‌గానీ నీళ్లు మోయకూడదని. అది చదివి నాకు నవ్వాగలేదు. మన దగ్గర ఆ పని చేసేవాళ్లు ప్రతి టోర్నమెంట్లో నలుగురుంటారు, భుజాన తువ్వాలు, చేతిలో బాటిలు, నోట్లో సలహా.

టంగుటూరు రైడర్:

అన్నా, నేను జిల్లా జట్టుకి ఆడాను, మోకాలు పోయి మానేశాను. ఆటగాడి వైపు నుంచి ఒక మాట. మేం ఎందుకు అరుస్తామంటే మీరు చెప్పరు కాబట్టి. విజిల్, చెయ్యి అటు, అంతే. ఎందుకని అడిగితే "పో లోపలికి" అంటారు. ఎవరి కాలు, ఎక్కడ అని ఒక్క వాక్యం చెబితే పది మందిలో ఎనిమిది మంది నోరు మూసుకుంటాం. మిగతా ఇద్దరికి ఎట్నూ చెప్పలేం.

ఇంకోటి కూడా ఒప్పుకుంటా. లాబీలో కాలు పడితే ముందు తెలిసేది రైడర్‌కే. మడమ కింద నేల తేడా తెలుస్తుంది. నేను ఎన్నోసార్లు తెలిసీ గుండె మీద చెయ్యి కొట్టుకుని "అమ్మతోడు పడలేదు సార్" అన్నా. మీ కుర్రాడికీ తెలిసే ఉంటుంది.

సందేహం ఒకటి. ఆ 2023 రగ్బీ ఫైనల్లోనే న్యూజిలాండ్ ఆరన్ స్మిత్ ట్రై కొడితే టీవీ రిఫరీ రద్దు చేయించాడు కదా, అది కరెక్టేనా?

కావలి డ్రిల్లుసారు:

తమ్ముడూ, మడమ సంగతి చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నా. ఆ కుర్రాడు నా కళ్లలోకి చూడలేదు, నేల వైపు చూశాడు. ఇప్పుడర్థమైంది.

స్మిత్ ట్రై సంగతి నన్నూ తొలిచేస్తోంది. దానికి ముందు లైనౌట్‌లో (బయటికెళ్లిన బంతిని మళ్లీ లోపలికి విసిరేటప్పుడు) ఆర్డీ సావియా చేతిలోంచి బంతి ముందుకి జారింది, అది నిజం, రీప్లేలో కనపడుతుంది. కానీ టీవీ రిఫరీ అలాంటి దానికోసం రెండు ఫేజులకి (ఒక ట్యాకిల్ నుంచి ఇంకో ట్యాకిల్ దాకా ఒక ఫేజు) మించి వెనక్కి వెళ్లకూడదని అప్పటి రూలు. ఇది అంతకంటే వెనకది. అంటే చూసింది నిజమే, చూడటమే తప్పు! తప్పు జరిగిందని తెలిసీ రూలు కోసం కళ్లు మూసుకోవాలా? నేనైతే మూసుకోలేను. ఈ ఒక్క విషయంలో ఫోలీని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. కానీ ఆ దారిన పోతే ఎక్కడిదాకా వెనక్కి పోతాం? నేను కూడా రూల్లో ఉన్నదానికన్నా నా గుర్తునే నమ్మాను, ఏం మిగిలింది?

దీనికి ఎదురుగా 2015 ప్రపంచకప్‌లో లండన్ ట్వికెన్‌హామ్ క్వార్టర్ ఫైనల్ చూడండి. ఆఖరి నిమిషాల్లో రిఫరీ క్రెయిగ్ జూబర్ ఇచ్చిన పెనాల్టీతో ఆస్ట్రేలియా 35-34తో స్కాట్లాండ్‌ని ఓడించింది. అది స్క్రమ్ (రెండు జట్లూ తలలు కలిపి తోసుకుంటూ ఆట మళ్లీ మొదలుపెట్టడం) కావాల్సిందని మర్నాడు ఆటని నడిపే సంస్థ వరల్డ్ రగ్బీయే ఒప్పుకుంది. రీప్లే అడగడానికి అక్కడ అప్పటి రూలు ఒప్పుకోలేదు. ఆఖరి విజిల్ వేసి జూబర్ ఎవరికీ చెయ్యి కూడా ఇవ్వకుండా లోపలికి పరిగెత్తాడు. అందరూ తిట్టారు. నాకు మాత్రం ఆ పరుగు చూస్తే మా స్ప్లెండర్ కిక్ కొట్టిన రాత్రే గుర్తొచ్చింది.

పాకల బాబాయి:

అంతా చదివాను. మైకులంటారు, కార్డులంటారు, ఫేజులంటారు. అసలు గీతే లేదుగా సారూ? మా పాకల బీచి దగ్గర ఇసకలో ఆడిస్తాం, ముగ్గుపిండి రెండు కూతలకి ఉండదు. వలలకి వాడే నైలాన్ తాడు తెండి, తెల్లదో నీలందో. మూలల్లో లాగి కట్టి, మధ్యలో మూడడుగులకొకటి కమ్మీ ముక్క యూలాగా వంచి నేల్లోకి దిగ్గొట్టండి. మేకులు వద్దు, తల పైకి లేస్తే పాదం చీలుద్ది. కాలు తగిలితే తాడు కదులుద్ది, చీకట్లో కూడా తెలుస్తది. మాకు లాబీ పేచీ వచ్చి చాన్నాళ్లయింది. వేరే పేచీలు వస్తాయనుకో.

కావలి డ్రిల్లుసారు:

బాబాయ్, నిన్న జువ్వలదిన్నె నుంచి మా తొమ్మిదో తరగతి పిల్లాడి నాన్న నీలం తాడు చుట్ట పంపాడు, డబ్బులు తీసుకోలేదు. సాయంత్రం పిల్లలతో కట్టించాను. కూడా ఒక కాలర్ మైకు, స్కూల్ ఫంక్షన్లకి వాడే పెట్టె స్పీకరు. మొదటి కూతకే ఒకడు తాడు మీద కాలేశాడు. "లాబీ, ఎడమ మడమ" అని మైకులో చెప్పాను. వాడు కెప్టెన్ వైపు చూశాడు, కెప్టెన్ తాడు వైపు చూశాడు. తాడు ఇంకా ఊగుతోంది.

స్పీకరు మాత్రం గుయ్యిమని ఒకటే కూత. దానికేం చెయ్యాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి.