తేదీ రోజూ 2014కి పోతోంది – డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా?

జనగామ జిరాక్స్:
అందరికీ నమస్కారం. మాది చిన్న జిరాక్స్ షాపు, ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా నింపుతాం. 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్, విండోస్ 10. పది రోజులుగా పొద్దున ఆన్ చేయగానే తేదీ 2014 జనవరి 1 అని చూపిస్తోంది. ఏ సైట్ తెరిచినా ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని ఎర్ర గుర్తు. ఫీజు కట్టడానికి పిల్లలు లైన్లో ఉంటారు, నాకేమో టెన్షన్. మెకానిక్ వచ్చి చూసి, “వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టి మంచి యాంటీవైరస్ వేస్తా, మొత్తం 1,800” అన్నాడు. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మొన్న శనివారం రాత్రి మెయిన్ కట్టేయడం మర్చిపోయా. సోమవారం వచ్చి చూస్తే టైమ్ సరిగ్గానే ఉంది. ఇంతకీ యాంటీవైరస్ కొనాలా, విండోస్‌తో వచ్చిన డిఫెండర్ చాలా?

పాత మదర్‌బోర్డు:
తమ్ముడూ, ఆ శనివారం మాటలోనే జవాబుంది. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా మెయిన్ ఆన్‌లో ఉంటే మదర్‌బోర్డుకి కొంచెం కరెంటు వస్తూనే ఉంటుంది, లోపలి గడియారం దాంతో నడుస్తుంది. మెయిన్ కట్టేస్తే ఇక ఆధారం రూపాయి బిళ్ళంత సెల్ ఒక్కటే. నీ సెల్ చచ్చిపోయింది. సీఆర్ 2032 అని అడుగు, 3 వోల్టులది, వాచీల షాపులో ఇస్తారు. వైరస్ రోజూ మెయిన్ కట్టేసే దాకా ఆగి మరీ తేదీ మార్చదు కదా!

సైట్లు తెరుచుకోకపోవడమూ దీనివల్లే. ‘ఇది అసలు సైటే’ అని రుజువు చూపే సర్టిఫికెట్ ప్రతి సైట్‌కీ ఉంటుంది, దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువుంటుంది. నీ కంప్యూటర్ 2014లో కూర్చుంటే, పోయిన నెల ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనేలేదు. ఈ స్థితిలో డబ్బు పోసి యాంటీవైరస్ వేసినా దాని లైసెన్సు, అప్‌డేట్లు కూడా ఇక్కడే తన్నుకుంటాయి.

నెల్లూరు లినక్స్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది సంవత్సరం మారదు, సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. నాదీ సెల్లేనా?

పాత మదర్‌బోర్డు:
కాదు. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం), విండోస్ రెండూ వేసుకుని ఉంటావు. ఉబుంటు లోపలి గడియారాన్ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైమ్, మనకంటే ఐదున్నర గంటలు వెనక) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుని చదువుతుంది. ఉబుంటులో లోకల్ టైమ్ వాడమని సెట్ చెయ్యి, సరిపోతుంది.

గుంటూరు మిర్చి:
సెల్ సంగతి ఒప్పుకుంటా అన్నా. కానీ అసలు ప్రశ్న పక్కకి పోయింది. జిరాక్స్ షాపంటే రోజుకి ఇరవై ముప్పై పెన్‌డ్రైవులు. మా షాపులో ఒకసారి ఎవరిదో పెట్టాం, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లైపోయాయి. ఆ తర్వాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవుకీ అదే అంటింది. ఒకమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు కనబడక షాపులోనే ఏడ్చేసింది. ఫైళ్ళు దాక్కున్నాయంతే, చివరికి దొరికాయి, కానీ షాపు పరువు పోయింది. అప్పటి నుంచి డబ్బు పెట్టే కొంటున్నా. పెన్‌డ్రైవు పెట్టగానే దానంతటదే స్కాన్ చేస్తుంది. 2017లో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయని పేపర్లో చదవలేదా?

విశాఖ సిస్టమ్స్:
మిర్చి గారూ, వాన్నాక్రై మీ వాదానికి సాయం చేయదండీ. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ఇచ్చింది. దాడి జరిగింది మేలో. రెండు నెలలు అప్‌డేట్ వాయిదా వేసినవాళ్ళే ఎక్కువగా దొరికిపోయారు. నేను ఆఫీసులో మెషీన్లు చూసుకుంటాను, డిఫెండర్ ఒకప్పటిలా లేదు, బాగుపడింది. ఇంకోటి వేస్తే అది మామూలుగా పక్కకి తప్పుకుంటుంది, కాబట్టి రెండూ కాపలా కాస్తాయనుకోకండి. ఉచితంగా ఇచ్చేవాటి సంగతీ చూశాం. యూజర్లు ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్ముకున్నందుకు ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ కంపెనీని 2024లో అమెరికాలో 1.65 కోట్ల డాలర్లు కట్టమన్నారు.

జిరాక్స్ గారూ, నాకు భయమంతా మీ విండోస్ 10 గురించి. 2025 అక్టోబర్ 14తో దాని సపోర్ట్ అయిపోయింది. డిఫెండర్‌కి వైరస్‌ల జాబితా 2028 దాకా వస్తుంది, కానీ విండోస్‌లో కన్నం పడితే పూడ్చేది అది కాదు. 2014 మెషీన్ విండోస్ 11కి పనికిరాదు. అదనపు అప్‌డేట్ల కోసం నమోదు చేసుకోండి. 1,800 మిగిలితే కొత్త మెషీన్ కోసం దాచండి.

గుంటూరు మిర్చి:
ఆఫీసులో మీరు పెన్‌డ్రైవులు బంద్ పెట్టగలరు మేడమ్. షాపులో ‘పెట్టొద్దు’ అంటే కస్టమర్ పక్క షాపుకి పోతాడు. సంవత్సరానికి ఎనిమిది వందలు, వెయ్యి నాకు కరెంటు బిల్లు లాంటిదే.

విశాఖ సిస్టమ్స్:
బంద్ పెట్టమనలేదు. అడ్మిన్ కాని మామూలు అకౌంట్‌లో పని చేయండి, పెన్‌డ్రైవ్ తెరిచే ముందు దాని మీద రైట్ క్లిక్ కొట్టి డిఫెండర్ స్కాన్ ఇవ్వండి. అర నిమిషం పని.

గుంటూరు మిర్చి:
లైన్లో పదిమంది ఉన్నప్పుడు ఆ అర నిమిషమే ఎవరికీ గుర్తుండదు. అందుకే దానంతటదే చేసేది కావాలంటున్నా.

పాత మదర్‌బోర్డు:
ఈ మాటలో మాత్రం మిర్చి వైపే నేను. అయినా ముందు సెల్ మార్చండయ్యా. ప్లగ్గు పీకి, పక్క క్లిప్పుని గోటితో నొక్కితే సెల్ పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి పెట్టాలి. తేదీ ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు మదర్‌బోర్డు చూపించే సెట్టింగుల్లో) చేత్తో సరిచెయ్యి. తేడా 15 గంటలు దాటితే విండోస్ టైమ్ సర్వీసు సర్దడానికి ఒప్పుకోకపోవచ్చు, నువ్వేమో పన్నెండేళ్ళ వెనకున్నావు. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉందో లేదో కూడా చూడు.

జనగామ జిరాక్స్:
సెల్ మార్చాను, 40 రూపాయలు. పాతది వాచీల షాపాయన మీటర్ పెట్టి చూస్తే 1.9 వోల్టులే చూపించింది. రెండు రాత్రులు మెయిన్ కట్టేశా, తేదీ కదల్లేదు, సైట్లన్నీ తెరుచుకుంటున్నాయి. ఫార్మాట్ వద్దని మెకానిక్‌కి చెప్పేశా, ముఖం మాడ్చుకున్నాడు. డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ పెడితే కంప్యూటర్లో ఏమీ దొరకలేదు. పెన్‌డ్రైవులో రెండు దొరికాయి. అది కస్టమర్లది కాదు, నా సొంతదే. మిర్చి అన్నా, మీరు వాడేది ఏదో చెప్పండి, రేటు కనుక్కుంటా.