బైబిల్ వాక్యం చదువుతున్నా, కెమెరా పట్టుకుని చెరువుకు వెళ్తున్నా, మనసు మాత్రం నిలవడం లేదు. మీకెలా కుదిరింది?

లకుముకి_హైదరాబాద్

అందరికీ వందనాలు. నాది రాత్రి షిఫ్ట్ ఉద్యోగం. పోయినేడు నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు, కళ్లు మూస్తే ఏదో ఒక టెన్షన్. దేవుని వాక్యంలో నెమ్మది దొరుకుతుందని ఏడాదిలో బైబిల్ పూర్తి చేయాలని మొదలుపెట్టాను. 1189 అధ్యాయాలు, అంటే రోజుకు మూడో నాలుగో. చదువు సాగుతోంది. కానీ పొద్దున ఏం చదివానని సాయంత్రం ఎవరైనా అడిగితే చెప్పలేను.

ఆఫీసులో ఒకరు ఫొటోలు తీయమంటే పాత కెమెరా ఒకటి కొన్నాను. శనివారం షిఫ్ట్ అయ్యాక నేరుగా అమీన్‌పూర్ చెరువుకు వెళ్తాను. రెండు గంటల్లో నాలుగు వందల ఫొటోలు తీస్తాను. తర్వాత ఆదివారం సాయంత్రమంతా వాటిని చెరిపేయడమే పని. పోయిన వారం ఒక ఫొటో మీద 46వ కీర్తనలోని "ఊరకుండుడి" అన్న మాట రాసి స్టేటస్‌లో పెట్టాను. ఎంతమంది చూశారా అని ఆ రోజంతా గంటకోసారి ఫోన్ తీశాను. రాత్రి అది తలచుకుని ఏడుపొచ్చింది.

వాక్య ధ్యానం, ఫొటోగ్రఫీ రెండూ కలిపి చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేకపోతే నేను ఏదో ఒకటి మానేయాలా?

గట్టు_మీద

సిస్టర్, వందనాలు. మాది గుంటూరు. పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువుకు ఆరేళ్లుగా వెళ్తున్నాను. అక్కడ నీళ్లలో ఉన్న తుమ్మ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. సీజన్‌లో అయితే కొమ్మ కనపడదు, అన్నీ పక్షులే.

నేను చేసేది చెప్తాను. ఇంటి దగ్గర ఒక్క వచనం చదివి చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకుంటాను. అధ్యాయం కాదు, ఒక్క వచనం. గట్టు మీద కూర్చున్నాక ఇరవై, ముప్ఫై నిమిషాలు కెమెరా సంచిలోంచి తీయను. దీనికి మామూలు కారణం కూడా ఒకటుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్స్‌ను పొద్దున్నే తేమగాలిలో బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. బయటి వేడికి అలవాటుపడేదాకా సంచి జిప్పు తెరవకూడదు. మొదట్లో లెన్స్ కోసమే ఆగేవాణ్ణి. నాకూ ఆ టైమ్ కావాలని తర్వాత తెలిసింది.

మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో "ఆకాశపక్షులను చూడుడి" అని ఉంది కదా. నేను ఎన్నో ఏళ్లు దాన్ని "చింతపడొద్దు" అన్న మాటగానే విన్నాను. అక్కడ ముందున్నది "చూడుడి" అన్న ఆజ్ఞ. ఒక వారం ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను. గూడబాతు పిల్ల తల్లి ముక్కు సంచిలోకి తల మొత్తం దూర్చి తింటుంది. ఆ చేపల కోసం తల్లి ఎక్కడెక్కడికో ఎగిరిపోయి వస్తుంది. అవి విత్తవు, కోయవు అన్నారే గాని కష్టపడవు అనలేదు. ఇది చూశాకే నాకు ఆ వచనం అర్థమైంది.

మీకు ముందుగా ఒక పని చెప్తాను. కెమెరాలో బర్స్ట్, అంటే ఒక్క నొక్కుకు వరసగా బోలెడు ఫొటోలు తీసే సెట్టింగ్, ఆపేయండి. ఫొటో తీయగానే స్క్రీన్ మీద కనపడే సెట్టింగ్ కూడా తీసేయండి. వచ్చిందో లేదో ఇంటికి వెళ్లాకే చూడండి.

నివాతదీపం

నేను గీత చదివేవాణ్ణి, మీ మధ్యకు రావచ్చనుకుంటున్నాను. విశాఖలో కంబాలకొండ వైపు తూనీగల ఫొటోలు తీస్తాను. తెల్లవారుజామున వాటి రెక్కల మీద మంచు ఉంటుంది. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కేదాకా అవి ఎగరలేవు. అందుకని చాలా దగ్గరికి వెళ్లొచ్చు. చిక్కల్లా గాలితోనే. అంత దగ్గరి నుంచి తీసేటప్పుడు గడ్డిపోచ కొంచెం ఊగినా బొమ్మ చెదిరిపోతుంది.

గీత ఆరో అధ్యాయం 19వ శ్లోకంలో "యథా దీపో నివాతస్థో నేంగతే" అని వస్తుంది. గాలి లేని చోట దీపం ఎలా కదలకుండా ఉంటుందో యోగి మనసు అలా ఉంటుందని. ఈ శ్లోకం నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు, కానీ తెలిసింది మాత్రం గడ్డిలో బోర్లా పడుకున్నప్పుడే. గడ్డిని నేను పట్టుకుని ఆపలేను, ముట్టుకుంటే తూనీగ జారిపోతుంది. గాలి వస్తుంది, పోతుంది, మధ్యలో రెండు మూడు సెకన్లు అంతా ఆగుతుంది. దానికోసం శ్వాస నెమ్మది చేసుకుని కాచుకోవాలి. అంతకుముందు ధ్యానంలో నేను చేసిందల్లా మనసును చేత్తో పట్టుకుని బిగించడమే. శ్లోకంలో దీపాన్ని ఎవరూ పట్టుకోలేదు కదా. ఇంకో ఏడు శ్లోకాల తర్వాత కృష్ణుడే చెప్తాడు, మనసు ఎటు పోతే అటు నుంచి మళ్లీ తీసుకురమ్మని. పోవడం తప్పని అక్కడ లేదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత ఇరవై నాలుగు గురువులను చెప్తాడు. భూమి, గాలి, సముద్రం, తేనెటీగ, ఇలా ఎక్కువ ప్రకృతిలోనివే. ఆ జాబితాలో బాణాలు చేసేవాడు కూడా ఉన్నాడు. పక్క నుంచి రాజుగారి ఊరేగింపు వెళ్లినా అతనికి తెలియలేదట. ఫొటో తీసేవాళ్లకు ఆయనే గురువని నాకనిపిస్తుంది.

పాతరోలు

అమ్మా, నేను రిటైరైన పాస్టర్ని. మాట కటువుగా ఉంటే మన్నించు. కెమెరా ఒక నెల ఇంట్లో పెట్టి వెళ్లు.

ఎందుకంటున్నానో చెప్తాను. మొదటి కీర్తనలో "దివారాత్రము ధ్యానించువాడు" అన్నచోట హీబ్రూలో "హాగా" అనే మాట ఉంది. నోట్లో నెమ్మదిగా గొణుక్కోవడమని దాని అర్థం. యెషయా గ్రంథంలో గువ్వ మూలుగుకూ అదే మాట, సింహం గుర్రుమనడానికీ అదే మాట. అంటే ధ్యానం మెదడుతో చేసే పని మాత్రమే కాదు, గొంతులో వాక్యం ఆడుతూ ఉండాలి. చేతిలో మిషన్ ఉంటే కన్ను దాని చుట్టూ తిరుగుతుంది, గొంతు మూగబోతుంది.

నువ్వు రాసిన 46వ కీర్తన ప్రశాంతమైన సరస్సు పక్కన పాడిన పాట కాదు. కొండలు సముద్రంలో మునగడం, రాజ్యాలు కదిలిపోవడం, విల్లు విరగడం, ఇవన్నీ అయ్యాక "ఊరకుండుడి" అని వస్తుంది. ఆ హీబ్రూ మాటకు పట్టు సడలించు, చేతులు దించు అని అర్థం. నాన్న ఆరోగ్యం మీద నీ పట్టు ఎంత బిగిసి ఉందో ఒకసారి చూసుకో.

నిద్ర సంగతి మాత్రం డాక్టర్‌కు చూపించుకో. ప్రార్థన చేస్తున్నానని దాన్ని వాయిదా వేయకు.

గట్టు_మీద

అయ్యగారూ, హాగా గురించి మీరు చెప్పింది నాకు కొత్త, చాలా సంతోషం. కానీ కెమెరా వదిలేయమనే మాటకు నేను ఒప్పుకోలేను. మా ఆవిడ పోయాక ఎనిమిది నెలలు నేను బైబిల్ తెరవలేదు. తెరిస్తే ఆమె గీసిన గీతలు కనపడేవి. గుడికి వెళ్తే అందరూ ఓదార్చడానికి వచ్చేవారు, తట్టుకోలేకపోయేవాణ్ణి. మా అబ్బాయి కెమెరా చేతిలో పెట్టి గట్టు మీద దింపి వెళ్లాడు. పక్షుల కోసం కూర్చున్నాను, దేవుని కోసం కాదు. మూడో నెలలో ఒక పొద్దున నాకు తెలియకుండానే 23వ కీర్తన నోట్లో ఆడుతోంది. అది మీరు చెప్పిన గొణుగుడే. ఆ రోజు కెమెరా లేకపోతే నేను ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాణ్ణి.

పాతరోలు

నాయనా, నీ మాట ముందు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను గట్టు మీదికి తెచ్చింది అదే అయితే దాన్ని వదలకు.

మందారం_బాల్కనీ

నాకు చెరువులు, కొండలు లేవు. అత్తయ్య మంచంలో ఉన్నారు, ఇల్లు కదలడానికి వీల్లేదు. బాల్కనీలో తీగకు తేనెపిట్ట గూడు కట్టింది, వేలాడే చిన్న సంచిలాగా. పిచ్చుకకు, వానకోవెలకు దేవుని బలిపీఠం దగ్గరే గూడు దొరికిందని 84వ కీర్తనలో ఉంది కదా, అది రోజూ అత్తయ్యకు చదివి వినిపించేదాన్ని. తర్వాత ఇద్దరం కిటికీ లోపల నుంచి చూసేవాళ్లం. పిల్లలు ఎగిరిపోయేదాకా గూటికి ఒక్క ఫొటో కూడా తీయలేదు. ఫోన్ దగ్గర పెడితే తల్లి గూడు వదిలేస్తుందేమోనని భయం. ఖాళీ గూడు ఫొటో ఒకటే నా దగ్గర ఉంది. దయచేసి మీరెవరూ గూళ్ల దగ్గరికి వెళ్లకండి, కొమ్మలు పక్కకు జరపకండి.

లకుముకి_హైదరాబాద్

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ ఋణపడి ఉన్నాను.

ఏడాది ప్రణాళిక ఆపేశాను. 23వ కీర్తన ఒక్కటే, వారానికి ఒక వచనం. "శాంతికరమైన జలములయొద్ద" అన్న వారం అమీన్‌పూర్‌లో నీళ్ల మీద నురగ, ప్లాస్టిక్ సంచులు ఉన్నాయి. దూరంగా కొత్త అపార్ట్‌మెంట్ల పని చప్పుడు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు ఇది. మనసు కలుక్కుమంది. అయినా కూర్చున్నాను. ఒడ్డున గుడ్డి కొంగ అని పిలిచే చిన్న జాతి కొంగ ఒకటి నిలబడి ఉంది. బురద రంగులో ఉండటం వల్ల మొదట నాకు కనపడనేలేదు. పావుగంట అది కదల్లేదు, నేనూ కదల్లేదు. నోట్లో వచనం ఆడుతూనే ఉంది. అది ఎగిరినప్పుడు లోపలి రెక్కలు తెల్లగా మెరిశాయి. అంత తెలుపు దాని ఒంట్లో ఉందని నిలబడినప్పుడు తెలియదు. ఆ ఫొటో నేను తీయలేదు. చూస్తూ ఉండిపోయాను.

ఆ పొద్దున తీసినవి మొత్తం పదకొండు. కొంగ నిలబడి ఉన్న ఫొటో ఒకటి ప్రింట్ వేయించి నాన్న మంచం ఎదురుగా పెట్టాను. స్టేటస్‌లో పెట్టలేదు. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను అయ్యగారూ. నిద్ర ఇంకా పూర్తిగా కుదుటపడలేదు, కానీ శనివారం పొద్దున మాత్రం ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతున్నాను.

నాన్న ఇప్పుడు నెమ్మదిగా నడుస్తున్నారు. గూడబాతులను చూడాలంటున్నారు. గట్టు_మీద అన్నా, ఉప్పలపాడుకు తీసుకురావచ్చా? ఆయన ఎక్కువసేపు నిలబడలేరు.

గట్టు_మీద

తప్పకుండా తీసుకురా అమ్మా. ఆరు లోపే వస్తే ఎండ తక్కువగా ఉంటుంది. నాన్నగారికి కుర్చీ నేను తెస్తాను.