అప్‌డేట్: రిమోట్ గొడవ తీరింది

మా తిరుపతి ఇంట్లో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించిన ఐఆర్ రిసీవర్ (రిమోట్ పంపే ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్‌ని అందుకునేది) రిమోట్ బటన్లను తప్పుగా చదువుతోందని పోయిన వారం అడిగాను కదా. బ్యాటరీలు అనవసరంగా మార్చాను, రిమోట్ తప్పేం లేదు.

ఎన్‌ఈసీ పద్ధతిలో (రిమోట్ బటన్ కోడ్‌ని 0, 1 బిట్లుగా పంపే తీరు) ఒక్కో బిట్‌కి ముందు ఒక పల్స్ (కాంతి మెరుపు), తర్వాత ఒక ఖాళీ ఉంటాయి. పల్స్ దాదాపు 560 మైక్రోసెకన్లు ఉండాలి, 0 బిట్ అయితే ఖాళీ కూడా అంతే. డ్రైవర్ (రిసీవర్ సిగ్నల్‌ని చదివే సాఫ్ట్‌వేర్) లాగ్‌లో చూస్తే పల్స్ 660. దాని వెనకున్న ఖాళీ 460కి కుంచించుకుపోయింది. రెండూ కూడితే మాత్రం లెక్క సరిగ్గానే ఉంది! అంటే రిసీవరే పల్స్‌ను సాగదీస్తోంది. మొదట వచ్చే 9 మిల్లీసెకన్ల (9000 మైక్రోసెకన్ల) పొడవాటి పల్స్‌లో ఈ తేడా కనబడనే కనబడదు, అందుకే అన్ని రోజులు తల పట్టుకున్నాను.

డ్రైవర్‌లో ప్రతి పల్స్‌కీ 100 తీసేసి, ఖాళీకి 100 కలిపాను. నిన్న రాత్రి అమ్మ వాల్యూమ్ నొక్కితే వాల్యూమే పెరిగింది. కూడి చూడమన్న అన్నకి థ్యాంక్స్.