అప్‌డేట్: మిల్లు మూతపడ్డాక ఏం చేయాలని అడిగాను కదా

మొన్న వేసవిలో అడిగింది నేనే. విజయనగరం దగ్గర జూట్ మిల్లులో 18 ఏళ్లు ఫిట్టర్‌ని, మిల్లు మూతపడింది, 42 ఏళ్ల వయసులో కొత్త పని వంటబడుతుందా అని. "వలసపోయే ముందు సోలార్ పని చూడు తమ్ముడూ" అన్న అక్కకి దండం.

డాబాల మీద సోలార్ పెట్టే కాంట్రాక్టరు దగ్గర చేరి ఆరు నెలలైంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ పెట్టింది, అందుకే పని దొరుకుతోంది.

మొదటి నెల ఏడుపొక్కటే తక్కువ. మిల్లులో మిషను చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పేవాణ్ని. ఇన్వర్టరుకి చప్పుడే ఉండదు! కోట దగ్గర ఒక మాష్టారి డాబా మీద మీటరు పెడితే సున్నా వోల్టులు. ఆరు ప్యానెళ్లూ వరసగా కలిపినవి, ఎక్కడో తెగింది. మిల్లులో లాగే ఒక చివర నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. నాలుగోదాని కనెక్టరు సరిగ్గా నొక్కుకోలేదు. బిగించగానే అంకెలు లేచాయి. నా 18 ఏళ్లూ ఎక్కడికీ పోలేదని ఆ రోజు తెలిసింది.

జీతం పాతదానికన్నా తక్కువే, ఇంట్లో ఇంకా సర్దుకుంటున్నాం. మా మిల్లువాళ్లు ఇద్దరు వచ్చే వారం నుంచి నాతో వస్తామన్నారు.