నూనె శాతం ఎక్కువున్న మొక్కజొన్న హైబ్రిడ్‌కు అదనపు ధర నిజంగా వస్తుందా?

ప్రశ్న: ఆర్మూర్ రైతు

మాది నిజామాబాద్ జిల్లా. యాసంగిలో బోరు కింద నాలుగెకరాల్లో మొక్కజొన్న వేస్తాము. నేల, నీరు బాగున్న ఏడాది ఎకరానికి 35 క్వింటాళ్ల దాకా దిగుబడి వస్తుంది. ఈసారి ఒక విత్తన ప్రతినిధి మా ఊరికి వచ్చి, తమ దగ్గర గింజలో 7 శాతం నూనె ఉండే ప్రత్యేక హైబ్రిడ్ ఉందని, దాణా మిల్లులు దానికి క్వింటాలుకు 250 రూపాయలు ఎక్కువ ఇస్తాయని, పంటను తామే తిరిగి కొంటామని చెప్పారు. మామూలు గింజ కంటే క్వింటాలులో రెండున్నర కిలోల నూనె ఎక్కువ ఉంటుంది కాబట్టి, కిలో నూనె వంద రూపాయల చొప్పున 250 అవుతుందన్నది ఆయన లెక్క. ఎర్రజొన్న విత్తనం విషయంలో మా ప్రాంత రైతులు నోటిమాట ఒప్పందాలను నమ్మి ఎంత నష్టపోయారో అందరికీ తెలిసిందే కనుక, దస్తావేజు మీద సంతకం పెట్టే ముందు తెలిసినవారిని అడుగుదామనిపించింది. జన్యుమార్పిడి లేకుండా మొక్కజొన్నలో 7 శాతం నూనె సాధ్యమేనా? చుట్టూ అందరూ మామూలు హైబ్రిడ్లే వేస్తుంటే మా గింజలో ఆ శాతం నిలుస్తుందా? ఈ 250 రూపాయల లెక్క సరైనదేనా?

సమాధానం 1: మక్క పరిశోధకుడు (విశ్రాంత)

మీ మొదటి ప్రశ్నకు సమాధానం సులభం: సాధ్యమే, అందుకు జన్యుమార్పిడి అవసరం లేదు. మామూలు మొక్కజొన్న గింజలో నాలుగు నుంచి ఐదు శాతం నూనె ఉంటుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సిరిల్ హాప్కిన్స్ 1896లో ‘బర్స్ వైట్’ అనే రకం నుంచి 163 కంకులు తీసుకుని, ఎక్కువ నూనె ఉన్న కంకుల గింజలనే ఏటేటా విత్తుతూ ఒక ఎంపిక ప్రయోగం మొదలుపెట్టారు. ఆరంభంలో సగటున 4.7 శాతం ఉన్న నూనె వంద తరాల తర్వాత 20 శాతం దాటింది. అయితే అలా తయారైన రకాల గింజ చిన్నది, దిగుబడి స్వల్పం. రైతు పొలానికి అవి నేరుగా పనికిరావు, కానీ నూనె గుణాన్ని హైబ్రిడ్లలోకి తెచ్చుకోవడానికి ఇటువంటి రకాలే మూలాధారమయ్యాయి. నూనె తయారీలో చివరి మెట్టుగా పనిచేసే ఒక ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం అదనంగా చేరితే నూనె శాతం పెరుగుతుందని 2008లో శాస్త్రవేత్తలు నిరూపించారు. అది కూడా మొక్కజొన్నలో సహజంగా ఉన్న తేడాయే.

మీ రెండో ప్రశ్నే అసలైనది. గింజను రాత్రంతా నానబెట్టి నిలువునా చీల్చి చూడండి. చదునుగా ఉన్న ముఖం వైపు లేత రంగులో, కాస్త మెత్తగా కనిపించే భాగం అంకురం. గింజ బరువులో అది పది, పన్నెండు శాతమే అయినా, గింజలోని నూనెలో 80 శాతానికి పైగా అందులోనే ఉంటుంది. మిగిలిన పిండి భాగంలో నూనె నామమాత్రం. అంటే నూనె పెరగాలంటే అంకురం పెద్దదవ్వాలి, అందులోని నూనె సాంద్రత కూడా పెరగాలి. ఈ అంకురం సగం తల్లి మొక్కది, సగం పుప్పొడినిచ్చిన మొక్కది. అందువల్ల పక్క చేను నుంచి గాలికి కొట్టుకొచ్చిన పుప్పొడి మీ కంకి పీచు మీద పడితే, ఆ గింజలో నూనె ఆ ఏడాదే తగ్గిపోతుంది. దిగుబడి, కాండం బలం వంటి గుణాల మీద పుప్పొడి ప్రభావం మరుసటి తరంలో గానీ కనబడదు, నూనె విషయంలో మాత్రం అదే కంకిలో కనబడుతుంది.

ఈ సూత్రాన్నే అమెరికాలో 1990ల్లో ‘టాప్‌క్రాస్’ అనే పద్ధతిగా మలిచారు. సంచిలోని విత్తనంలో 90 శాతానికి పైగా మంచి దిగుబడినిచ్చే, కానీ మగపూతలో పుప్పొడి రాని హైబ్రిడ్ ఉంటుంది. మిగిలిన ఎనిమిది, తొమ్మిది శాతం మాత్రం ఎక్కువ నూనె గుణమున్న, పుప్పొడినిచ్చే మొక్కలు. చేనంతటికీ ఆ కొద్ది మొక్కలే పుప్పొడి అందిస్తాయి కాబట్టి గింజల్లో నూనె ఏడు, ఎనిమిది శాతానికి చేరుతుంది. ఆ పుప్పొడి మొక్కలకు సొంత దిగుబడి తక్కువ. ఎండ తీవ్రమై వాటి పూత, మిగతా మొక్కల పీచు ఒకే సమయానికి రాకపోతే కంకుల్లో గింజ సరిగా పట్టదు. మీకు చెబుతున్నది ఈ రకం మిశ్రమ విత్తనమా, లేక రెండు వైపులా నూనె గుణమున్న పూర్తి హైబ్రిడ్డా అన్నది ముందుగా అడిగి తెలుసుకోండి. మిశ్రమమైతే చేను మధ్యలో కూడా ప్రమాదం ఉంటుంది, పూర్తి హైబ్రిడ్ అయితే గట్ల వైపే ఎక్కువ.

మన దగ్గర ధ్రువీకరణ విత్తనోత్పత్తికి మొక్కజొన్నలో 200 మీటర్ల వేర్పాటు దూరం (బయటి పుప్పొడి పడకుండా ఇతర మొక్కజొన్న చేలకు వదిలే ఎడం) పాటిస్తారు. వందల ఎకరాలు ఒకే ముక్కగా ఉండే చోట గట్ల వరుసలను విడిగా కోసి అమ్ముకుంటే సరిపోతుంది, కానీ నాలుగెకరాల చేనులో గట్టుకు దగ్గరగా ఉండే భాగమే ఎక్కువ. పక్క రైతుల కంటే మీ పూత కనీసం మూడు వారాలు ముందో వెనకో వచ్చేలా విత్తుకోగలిగితే కొంత మేలు.

సమాధానం 2: దాణా లెక్కలు

నేను కోళ్ల దాణా ఫార్ములాలు వేసే పనిలో ఉన్నాను. ఆ 250 రూపాయల లెక్క కాగితం మీద అందంగానే ఉంటుంది, మిల్లు లెక్క మాత్రం అలా నడవదు.

మొదటి కోత తేమది. 7 శాతం అన్న మాట సాధారణంగా తేమ పూర్తిగా తీసేసిన పొడి గింజ మీద చెబుతారు. మార్కెట్ యార్డులో అంగీకరించే 14 శాతం తేమతో మీరు తూకం వేస్తే, ఆ గింజలో ఉండేది 6 శాతమే. మామూలు గింజలోని నాలుగున్నర శాతం కూడా అదే లెక్కన 3.9కి తగ్గుతుంది. అంటే అసలు తేడా క్వింటాలుకు రెండున్నర కిలోలు కాదు, సుమారు 2.15 కిలోలు.

రెండో కోత పిండిది. గింజ బరువు పెరగకుండా నూనె పెరిగిందంటే, అంత మేరకు పిండి పదార్థం తగ్గినట్టే, దానికీ శక్తి విలువ ఉంది. కోడికి కిలో నూనె నుంచి సుమారు 8,800 కిలోకేలరీలు అందితే, కిలో పిండి పదార్థం నుంచి 4,000 దాకా అందుతాయి. కాబట్టి నికరంగా కలిసొచ్చేది కిలోకు 4,800 మాత్రమే. 2.15 కిలోలకు అది 10,300 అవుతుంది. అంత శక్తిని బయటి నుంచి నూనె కొని కలపాలంటే నాకు 1.17 కిలోల నూనె చాలు. మీ ప్రతినిధి చెప్పిన వంద రూపాయల ధరే తీసుకున్నా 117 రూపాయలు. అంకురం పెద్దది కావడం వల్ల మాంసకృత్తుల నాణ్యత కాస్త మెరుగుపడుతుంది, కానీ దానికి విడిగా డబ్బు చెల్లించే మిల్లును నేను చూడలేదు. సరుకును విడిగా దింపుకోవడం, విడిగా నిల్వ చేయడం, పరీక్షించడం వంటి ఖర్చులు పోగా రైతుకు ఇవ్వగలిగింది 60, 70 రూపాయలకు మించదు.

ఇప్పుడు దిగుబడి సంగతి చూద్దాం. క్వింటాలు ధర 2,200 అనుకుని, అదనంగా 70 రూపాయలు వచ్చాయనుకోండి. దిగుబడి మూడు శాతం తగ్గితే ఆ లాభం మొత్తం హరించుకుపోతుంది. మీ 35 క్వింటాళ్లలో అది ఒక్క క్వింటాలు. మిల్లు దయతలచి 117 రూపాయలూ మీకే ఇచ్చినా, ఐదు శాతం తగ్గుదల దగ్గర లెక్క సరిసమానమవుతుంది. ఎకరానికి ఒక క్వింటాలు అటూ ఇటూ కావడం ఒక తడి ఆలస్యమైనా జరిగే పనే కదా.

కొనేవారెవరన్నది కూడా చూసుకోవాలి. మాంసపు కోళ్ల చివరి దశ దాణాలో కిలోకు 3,100 కిలోకేలరీలకు పైగా శక్తి కావాలి కాబట్టి అక్కడ నూనె కలపక తప్పదు. గింజలోనే నూనె ఉంటే గుళికలు గట్టిగా వస్తాయి, ఎందుకంటే విడిగా పోసిన నూనె ఎక్కువైతే గుళిక పొడిపొడి అవుతుంది. నూనె చిమ్మే యంత్రం లేని చిన్న మిల్లులకు ఇది నిజమైన సౌకర్యం. గుడ్ల కోళ్ల దాణాకు అంత శక్తి అక్కర్లేదు. తెలంగాణలో గుడ్ల కోళ్ల ఫారాలు విస్తారంగా ఉన్నాయి, వాటిలో చాలా చోట్ల దాణా సొంతంగానే పట్టుకుంటారు. వారికి మీ అదనపు నూనెతో పెద్దగా పని ఉండదు. స్టార్చ్ ఫ్యాక్టరీలకూ, ఇథనాల్ డిస్టిలరీలకూ కావలసింది పిండి పదార్థమే. వారి దృష్టిలో మీ గింజలో ఉండాల్సిన సరుకు కొంత తగ్గినట్టు.

ఆర్మూర్ రైతు

వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. అమెరికాలో ఈ పంటకు మంచి ధర ఇచ్చి కొన్నారని ఆ ప్రతినిధి పదేపదే చెబుతున్నారు. అది నిజమేనా? నిజమైతే అక్కడ ఇప్పటికీ పండిస్తున్నారా?

సమాధానం 3: ఇల్లినాయ్ తెలుగువాడు

నిజమే, కానీ అది సగం కథ. 1990ల చివరి భాగంలో ఇక్కడ ఈ పంట బాగా విస్తరించింది. ఎలివేటర్ల (గింజ కొని నిల్వ చేసే పెద్ద గోదాముల) దగ్గర లారీ నుంచి నమూనా తీసి, పరారుణ కాంతితో గింజను పరీక్షించే ఎన్‌ఐఆర్ యంత్రంలో పోసి, ఒకటి రెండు నిమిషాల్లో నూనె శాతం చదివి, ఆ అంకె ప్రకారం అదనపు ధర కట్టేవారు. శాతం పెరిగేకొద్దీ బుషెల్‌కు (సుమారు 25 కిలోలకు) కొన్ని సెంట్లు పెరిగే పట్టిక ఒప్పందంలోనే అచ్చై ఉండేది. రైతు ఆ గింజను విడిగా కోసి, వేరే గాదెలో నిల్వ చేసి, పిలిచిన రోజున తోలాలి. అలా విడిగా ఉంచినందుకు ఇచ్చేదే ఆ ధరలో పెద్ద భాగం.

2000ల్లో ఆ ఉత్సాహం చల్లబడింది. మామూలు హైబ్రిడ్ల దిగుబడి ఏటేటా పెరుగుతూ పోయింది, నూనె హైబ్రిడ్లు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. దాణాలో కలపడానికి జంతువుల కొవ్వు, వాడిన వంటనూనె చౌకగా దొరికేవి. ఆపైన ఇథనాల్ ఫ్యాక్టరీలు మామూలు మొక్కజొన్న నుంచే, పులియబెట్టిన తర్వాత మిగిలిన ద్రవాన్ని గిరగిరా తిప్పి నూనె వేరు చేయడం మొదలుపెట్టాయి. నా అంచనాలో గట్టి దెబ్బ అదే. గింజలో నూనె పెంచడానికి రైతుకు అదనంగా చెల్లించే బదులు, ఉన్న నూనెనే చివర్లో పిండుకోవడం వారికి లాభసాటి అయింది. ఇప్పుడు నా చుట్టుపక్కల ప్రత్యేక మొక్కజొన్న అంటే పిండి జిగటగా ఉండే మైనపు (వ్యాక్సీ) రకం, తెల్ల గింజ, ఆహార పరిశ్రమకు వెళ్లే జన్యుమార్పిడి లేని గింజ. నూనె కోసం వేసేవారు అరుదు.

సమాధానం 4: కరీంనగర్ మక్క

నాణ్యమైన మాంసకృత్తుల మొక్కజొన్న విషయంలోనూ మన దేశంలో ఇదే జరిగింది. హెచ్‌క్యూపీఎం-1, వివేక్ క్యూపీఎం-9 వంటి మంచి హైబ్రిడ్లు ఎప్పుడో విడుదలయ్యాయి. పోషక విలువ నిజంగానే ఎక్కువ. కానీ యార్డులో కాటా దగ్గర నిలబడిన ఖరీదుదారు గింజను అరచేతిలో పోసుకుని చూసేది తేమ, బూజు, పుచ్చు, రంగు మాత్రమే. కంటికి కనిపించని గుణానికి ఆయన ధర కట్టడు, ఆ సరుకు మామూలు గింజతోపాటే రాశిలో కలిసిపోతుంది. నూనె కూడా కంటికి కనిపించేది కాదు. కాబట్టి ఆ ప్రతినిధి కొనకపోతే, మీ సరుకు యార్డులో మామూలు ధరకే పోతుందని ముందే అనుకుని లెక్క వేసుకోండి. తీపి మొక్కజొన్న, బేబీకార్న్ మాత్రం వేరు సంగతి. అవి పచ్చి సరుకుగా వేరే బజారులో అమ్ముడవుతాయి.

సమాధానం 5: దాణా లెక్కలు

పై మాటలు విన్నాక కూడా వేయాలని ఉంటే, ఒకే ఎకరంతో మొదలుపెట్టండి. దానికి గట్టు అవతలే మీ అలవాటైన హైబ్రిడ్ ఉంటే నూనె శాతం పడిపోతుంది కనుక, మిగతా మూడెకరాలకు కాస్త ఎడంగా ఉన్న మడిని ఎంచుకోండి. ఒప్పందంలో నూనె శాతం పొడి గింజ మీదా, తూకం వేసినప్పటి తేమ మీదా అన్నది స్పష్టంగా రాయించండి. నమూనా ఎవరు తీస్తారు, ఏ పద్ధతిలో పరీక్షిస్తారు, ఫలితం మీద వివాదం వస్తే రెండో నమూనా ఎక్కడికి పంపాలి అన్నవి కూడా అందులో ఉండాలి. 7 శాతం రాకపోతే సరుకును తిరస్కరిస్తామని రాస్తే ఒప్పుకోవద్దు. శాతం తగ్గేకొద్దీ అదనపు ధర తగ్గాలే తప్ప, మూలధరకు కొనే బాధ్యత వారికి ఉండి తీరాలి. ఆ మూలధరను ‘ఆనాటి మార్కెట్ ధర’ అని వదిలేయకుండా, ఏ యార్డులో ఏ రోజు ధరో పేరుతో సహా రాయించండి. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2,400 రూపాయలు కాబట్టి, అంతకు తగ్గకూడదన్న షరతు పెట్టి చూడండి, వారి ఉద్దేశం ఏమిటో అప్పుడే తెలుస్తుంది.

మరొక్క మాట. ఈ గింజను పిండి పట్టి ఇంట్లో నిల్వ చేయకండి. అంకురంలో నూనె ఎక్కువ కాబట్టి పిండి త్వరగా ముక్కిన వాసన కొడుతుంది. ఎండబెట్టేటప్పుడు, నూర్చేటప్పుడు గింజ పగలకుండా చూసుకోవడానికీ కారణం అదే. పగిలిన గింజ శాతం పెరిగితే మిల్లువారు ముందు కోత పెట్టేది అక్కడే.